అడిగి నడిచిన దారి

మార్చి రెండో మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి వెల్లర్స్‌ఫోర్డ్ స్టేషన్ బయట హిలరీ ప్లెడ్జర్ బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంది. మొదట కట్టుకున్నప్పుడు సరిగ్గానే కట్టుకుంది. చేతులకి ఏదో ఒక పని కావలసి వచ్చింది. మూడు రాత్రులుగా ఆమెకి నిద్ర లేదు. డెబ్భై ఒకటో ఏట మూడు రాత్రుల నిద్ర కరువైతే అది కాళ్ళలో తెలుస్తుంది.

డెనిస్ ఏక్‌హర్స్ట్ స్టేషన్ గోడకి ఆనుకుని నిలబడి ఆమె తాళ్ళు కట్టుకోవడం చూశాడు.  అతనికి డెబ్భై ఎనిమిది. కుడి తుంటికి ఆపరేషన్ అయింది, ఎడమ తుంటి కోసం ఆస్పత్రి జాబితాలో పేరు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ వెల్లర్ లోయ నడక బృందంలో ఉన్నారు. ఆమె నడకలు ఏర్పాటు చేస్తుంది, అతను ఆ ఏర్పాట్లకి వంకలు పెడతాడు. బృందంలో మిగతావాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు గానీ ఈ రెండు పనులకీ మనుషులు మారలేదు.

నడక ఏడు మైళ్ళు. స్టేషన్ నుంచి నదికి దిగి, నది పక్కనే రెండు మైళ్ళు పోయి, పిట్ ఫారం అనే పొలం కంచె వెంబడి అరమైలు ఎక్కితే సుద్దకొండ నెత్తి మీదికి చేరతారు. అక్కణ్ణించి నెత్తి మీదే నడిచి, బీచ్ చెట్ల అడవిలోంచి దిగి, మళ్ళీ స్టేషన్‌కి వస్తారు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం రెండు గంటలకల్లా పూర్తవుతుంది. బృందం నెలకోసారి ఈ చుట్టు తిరిగేది. ఏడాదిన్నర క్రితం పిట్ ఫారం అమ్ముడుపోయింది. కొన్న స్లేటర్ అనే ఆయన గుర్రాలు తెచ్చుకుని, కంచె దారికి రెండు చివరలా గేట్లు పెట్టి తాళాలు వేశాడు. అప్పట్నించి చుట్టు లేదు. కొండెక్కడానికి మిగిలింది హోల్ట్ లేన్ ఒక్కటే. క్వారీ లారీలు తిరిగే రోడ్డు అది, పక్కకి తప్పుకోవడానికి జానెడు చోటు కూడా ఉండదు. నిరుడు అక్టోబర్‌లో ఒక వ్యాను అద్దం తగిలి బృందంలో ఒకామె మోచెయ్యి విరిగింది. దాని తర్వాత ఆ రోడ్డు మీద నడవం అని బృందం తీర్మానం చేసుకుంది. లోయలో కొండెక్కే మిగతా దారులన్నీ నిట్టనిలువు. డెనిస్ ఎక్కగలిగింది కంచె దారి ఒక్కటే.

అందుకే హిలరీ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టింది. ఒక దారిలో జనం ఇరవయ్యేళ్ళు ఎవర్నీ అడక్కుండా, చాటుమాటుగా కాకుండా, తాళాలు పగలగొట్టకుండా నడిస్తే అది జనం దారి అవుతుంది. పొలం ఎవరిదైనా మళ్ళీ మూయడానికి వీల్లేదు. అడిగి నడిస్తే మాత్రం కాదు. అది యజమాని మంచితనం అవుతుంది, ఆయన ఇష్టం ఉన్నన్నాళ్ళే ఉంటుంది. పద్నాలుగు మంది తాము నడిచిన సంగతి పత్రాలు నింపి సంతకాలు పెట్టారు. ఈ రోజు కౌన్సిల్ దారుల శాఖ నుంచి ఒక అధికారి వచ్చి, వాళ్ళతో కలిసి కంచె దారి నడిచి, పత్రంలో ఉన్న ప్రశ్నలే నోటితో మళ్ళీ అడుగుతుంది. ఆ సంగతి చెబుతూ ఉత్తరం శనివారం వచ్చింది. హిలరీకి నిద్ర పట్టనిది ఆ రాత్రి నుంచే.

పత్రంలో పదకొండో ప్రశ్న: ఈ దారిలో నడవడానికి మీరు ఎప్పుడైనా అనుమతి అడిగారా, లేదా పొందారా? జనవరిలో తన వంటింటి బల్ల దగ్గర కూచుని హిలరీ దానికి ఎదురుగా "లేదు" అని రాసింది. అప్పుడు డెనిస్ పక్కనే ఉన్నాడు.

నది ఆ వారం నిండుగా పోతోంది. పచ్చికలో నీళ్ళు నిలిచిన చోట్ల వాళ్ళు కంచె తీగ పట్టుకుని దాటారు. ఆకుకూర మళ్ళ దగ్గర ఒక మనిషి తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని కాలవ శుభ్రం చేస్తున్నాడు. డెనిస్ అతనితో వాన గురించి మాట్లాడాడు. అతనూ వాన గురించే జవాబిచ్చాడు.  రెండో మైల్లో డెనిస్ అసలు విషయం ఎత్తాడు.

"ఆ కౌన్సిల్ పిల్ల ఒకసారే అడుగుతుంది. రాసిందే చెప్పు. రెండక్షరాలు."

"రాసేటప్పుడు కూడా రెండక్షరాలే అన్నావు."

"అన్నాను. రాశావు. చెయ్యి విరిగిందా?"

ఆమె నడుస్తూనే ఉంది. అతను వెనక నుంచి ఇంకొంచెం గొంతు పెంచాడు. మొదట్లోనే అడగొద్దని చెప్పాను కదా అన్నాడు. గేటు దగ్గర నిలబడి అరిచి మరీ చెప్పాను, మనుషులు వింటే కదా అన్నాడు.

అతను చెప్పింది నిజమే. 1997 అక్టోబర్‌లో బృందం కొత్తది. పదకొండు మంది. నది పచ్చిక పిట్ ఫారం కంచె వెంబడి సగం దాకా ఎక్కి, అక్కడ ముళ్ళ తీగతో ఆగిపోయేది. అవతల బార్లీ చేను. పటంలో అక్కడ దారి లేదు. తీగ కింద నుంచి దూరి చేను గట్టున నడిచి పోదామని డెనిస్ అన్నాడు. ఎవరైనా వద్దంటే అప్పుడు చూద్దాం అన్నాడు. హిలరీ ఒప్పుకోలేదు. ఆమె పశువుల డాక్టరు దగ్గర ఫోను ఎత్తే ఉద్యోగం ఇరవై రెండేళ్ళు చేసింది. కుర్చీ తగిలితే కుర్చీకి సారీ చెప్పే మనిషి. ఇంకొకరి పొలంలో అడక్కుండా అడుగు పెట్టడం ఆమె వల్ల కాలేదు. మిగతా పదిమందినీ ఫారం వాకిటి గేటు దగ్గర నిలబెట్టి, ఒక్కతే వెళ్ళి ఫారం ఇంటి తలుపు తట్టింది.

అప్పటి యజమాని రెజ్ హోనీసెట్ చేతిలో టీ కప్పుతో తలుపు తీశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. టీ చల్లారిపోతోందన్నట్టు కప్పులోకి చూసుకుని, కంచె పక్కనుంచి పొండి, పంట తొక్కకండి, గేటు తీస్తే వెయ్యండి అన్నాడు. తలుపు వేసుకున్నాడు. అంతే మాట.

ఆ మరుసటి నెల వాళ్ళు వచ్చేసరికి ముళ్ళ తీగ ఉన్నచోట ఓక్ పలకతో ఒక మెట్టు ఉంది. చేనులో కంచె పొడుగునా గజం వెడల్పు నేల దున్నకుండా వదిలేసి ఉంది. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. డిసెంబర్‌లో హిలరీ తను చేసిన ప్లమ్ జామ్ ఒక సీసా, ఒక క్రిస్మస్ కార్డు తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో పెట్టి వచ్చింది. ఈ ఏడు మమ్మల్ని నడవనిచ్చినందుకు కృతజ్ఞతలు, వచ్చే ఏడు కూడా మీకు అభ్యంతరం ఉండదని ఆశిస్తాం అని రాసింది. ఆయన పోయేదాకా ఏటా అదే రాసింది. ఇరవై నాలుగు కార్డులు.

"ఆ కార్డులు ఇంటి సామాన్లతో పాటు పోయాయి," అన్నాడు డెనిస్. "ఫారం ఇల్లు ఖాళీ చేసినప్పుడు నేనే చూశాను, వాకిట్లో పెద్ద బండి పెట్టి అన్నీ దాంట్లో పడేశారు. నువ్వు అడిగింది చూసినవాళ్ళు లేరు. ఉన్నది నువ్వూ నేనూ. నేను చెప్పను."

"మిగతా తొమ్మిది మందీ?"

"నలుగురు పోయారు. ఇద్దరు స్పెయిన్‌లో ఉన్నారు. మిగతా ముగ్గురికీ నిన్న ఏం తిన్నారో గుర్తులేదు."

హిలరీకి నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందని ఆపుకుంది. కాళ్ళు బరువుగా ఉన్నాయి. బూట్లకి అంటుకున్న సుద్దమట్టి ఎండిపోక ముందే ఇంకో పొర అంటుకుంటోంది. మనుషులు ఇంత బరువు మోసుకుంటూ ఏడు మైళ్ళు ఎందుకు నడుస్తారో ఆ పూట ఆమెకి అర్థం కాలేదు. చెప్పెయ్యాలా వద్దా అన్నది తేల్చుకునేంత ఓపిక కూడా లేదు. అడిగినప్పుడు నోట్లోంచి ఏది వస్తే అది వస్తుందిలే అనుకుంది.

కింది గేటు దగ్గర దారుల శాఖ అధికారి టాంసిన్ ఫగిల్ అప్పటికే వచ్చి ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కారు పైరోడ్డు మీద వదిలి, స్లేటర్ ఇచ్చిన తాళంచెవితో పై గేటు తీసుకుని కిందికి నడిచి వచ్చింది. మెళ్ళో కెమెరా, చేతిలో దూరం కొలిచే చక్రం, చంకలో అట్టకి బిగించిన కాగితాలు. ఇద్దరికీ చేతులు కలిపింది. ఈ గేటు వచ్చాక ఈ దారి నడవడం మీకిదే మొదలా అని అడిగింది. మొదలే అన్నాడు డెనిస్, చివర కాకూడదని వచ్చాం.

ఆమె తాళం తీసింది. ముగ్గురూ లోపలికి వెళ్ళాక మళ్ళీ వేసింది. స్లేటర్ గుర్రాలు పక్క పొలంలోంచి తలలెత్తి చూశాయి.

మొదటి రెండు వందల గజాలూ ప్రశ్నలు తేలిగ్గానే నడిచాయి. దారి వెడల్పెంత, ఎప్పుడైనా బోర్డులు ఉండేవా, పశువులు అడ్డొచ్చేవా, ఎవరైనా వెనక్కి పంపారా. డెనిస్ ఉత్సాహంగా చెప్పాడు. ఒక్కో తేదీకీ ఒక్కో సంగతి జోడించాడు. మంచు పడిన ఏడు, వరద వచ్చిన ఏడు, బృందం కోశాధికారి కుక్క కుందేలు బొరియలో ఇరుక్కుపోయిన ఏడు. టాంసిన్ రాసుకుంది. చెకుముకి రాళ్ళు పైకి తేలిన చోట డెనిస్ కర్ర ఊని ఆగి ఆగి ఎక్కాడు. అతను ఆగినప్పుడల్లా ఆమె ఫోటో తీసుకోవాలన్నట్టు ఆగింది. హిలరీ అది గమనించింది. ఈ అమ్మాయి ముందు అబద్ధం చెప్పడం ఇంకా కష్టం అనుకుంది.

సగం దూరంలో రెజ్ పెట్టిన మెట్టు వచ్చింది. అప్పటి ముళ్ళ తీగ ఇప్పుడు లేదు, మెట్టు మాత్రం ఉంది. ఓక్ పలక నల్లబడింది. దాని మీద కోళ్ళ గూళ్ళకి వాడే ఇనుప వల మేకులతో కొట్టి ఉంది.

ఈ మెట్టు ఎవరు పెట్టారో తెలుసా అని టాంసిన్ అడిగింది. ఎప్పట్నించో ఉంది, ఎవరు చూశారు అన్నాడు డెనిస్. ఆమె ఫోటో తీసింది. కాగితం తిప్పింది. హిలరీ వైపు చూసింది.

"ప్లెడ్జర్ గారూ, పదకొండో ప్రశ్న. ఈ దారిలో నడవడానికి మీరు గానీ, మీ బృందం తరఫున ఇంకెవరైనా గానీ యజమానిని ఎప్పుడైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు డెనిస్.

"నేను ఆవిణ్ణి అడిగాను," అంది టాంసిన్.

హిలరీ ఆ వల చూస్తోంది. 1999 జనవరిలో తడి పలక మీద డెనిస్ కాలు జారి మెట్టు మీద నుంచి పడ్డాడు. మణికట్టు వాచింది. వాళ్ళు నవ్వుకుంటూ కొండెక్కారు. రెజ్ తన ఇంటి కిటికీలోంచి చూశాడో, ఎవరైనా చెప్పారో, ఫిబ్రవరిలో వచ్చేసరికి పలక మీద వల ఉంది. దాని అంచులు గుచ్చుకోకుండా కిందికి మడిచి ఉన్నాయి. పన్నెండు మేకులు. ఆమె అప్పుడు లెక్కపెట్టింది.

ఎవరూ అడగలేదు అంటే ఎవరూ ఇవ్వలేదని కూడా అన్నట్టే.

"అడిగాను," అంది హిలరీ. "తొంభై ఏడు అక్టోబర్‌లో. ఇంటి తలుపు కొట్టి అడిగాను."

టాంసిన్ కలం ఆగింది. డెనిస్ కర్ర చివరతో మట్టిలో ఒక రాయిని కదిపాడు. అది ఊడి వచ్చేదాకా కదిపాడు.

"ఎవరి కోసం అడిగారు? మీ ఒక్కరి కోసమా, బృందం కోసమా?"

"బృందం కోసం. నెలకోసారి వస్తాం, మీకేమైనా ఇబ్బందా అన్నాను. కంచె పక్కనుంచి పొమ్మన్నాడు. ఈ మెట్టు ఆయనే పెట్టాడు. తర్వాత ఏటా క్రిస్మస్‌కి కార్డు పెట్టాను. నడవనిచ్చినందుకు థాంక్స్, వచ్చే ఏడు కూడా అని."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ."

టాంసిన్ వెంటనే రాయలేదు. కాగితాల మీద గాలికి లేచిన అంచుని బొటనవేలితో నొక్కి పట్టుకుంది. నిరుడు ఇలాంటి దరఖాస్తులు నాలుగు పోయాయి అంది. ఒక ఊళ్ళో అయితే పాతికేళ్ళు ఏటా కేకు పంపారుట. ఆ కేకుల సంగతి చెప్పినవాళ్ళు కూడా ఆ ఊరివాళ్ళేనట. తర్వాత డెనిస్ వైపు తిరిగింది. ఈ సంగతి మీకు తెలుసా అని అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు. అలసట ఉంది.

"నేను గేటు దగ్గరున్నాను," అన్నాడు డెనిస్.

ఆమె అదీ రాసుకుంది.

ఆ తర్వాత విషయం ఆమె వివరంగానే చెప్పింది. బృందం పేరు మీద అనుమతి ఉంటే బృందంతో నడిచినవాళ్ళ నడక లెక్కలోకి రాదు. పద్నాలుగు పత్రాల్లో పదకొండు బృందంవాళ్ళవి. మిగిలినవి మూడు: కుక్కతో తిరిగే ఒకామెది, చేపలకి వెళ్ళే అన్నదమ్ములిద్దరివి. మూడు చాలవా అని హిలరీ అడిగింది. చాలిన చోట్లు ఉన్నాయి, ఇక్కడ చాలతాయని నేను చెప్పలేను, నిర్ణయం నాది కాదు, రాసి పంపడం వరకే నా పని అంది టాంసిన్. జనవరి నాటి పత్రం బయటికి తీసింది. మీరు దిద్దితే మంచిది అంది, నేను దిద్దకూడదు.

హిలరీ మెట్టు మీద కూచుంది. అట్ట ఒళ్ళో పెట్టుకుని "లేదు" మీద ఒక గీత గీసింది. పక్కన "అవును" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది.  లేచి అట్ట ఇచ్చేసింది. గుండె మీద నుంచి బరువు దిగుతుందని మూడు రాత్రులు అనుకుంది. దిగలేదు. ఒక బరువు పోయి దాని చోటుకి ఇంకోటి వచ్చి కూచుంది, అంతే.

ముగ్గురూ పై గేటు దాకా ఎక్కారు. టాంసిన్ చక్రం ప్రతి గజానికీ టిక్కుమంది. గేటు దాటాక ఆమె తాళం వేసి, పడిందో లేదో ఒకసారి లాగి చూసింది. కబురు వేసవిలో వస్తుంది, ఉత్తరం మీ పేరుకే వస్తుంది అంది. కారు దాకా వెళ్ళినామె ఆగి వెనక్కి తిరిగింది. స్టేషన్ దగ్గర దింపనా అని ఇద్దర్నీ అడిగింది. అవసరం లేదన్నాడు డెనిస్. హిలరీ అయితే కారెక్కేదే. అతను వద్దన్నాక ఆమె కూడా వద్దంది.

కొండ నెత్తి మీద గాలి పశ్చిమం నుంచి వస్తోంది. దారి రెండు గొర్రెల మందల మధ్య నుంచి పోతుంది. ఎడమ పక్క లోయంతా, నది వంపులూ, పిట్ ఫారం కప్పూ కనిపిస్తాయి. డెనిస్ లోయ వైపు చూడలేదు. ముందు నడిచాడు. నడకలో ఎప్పుడూ వెనక ఉండి ఆమెకి వంకలు పెట్టే మనిషి, ఆ పూట నలభై గజాలు ముందున్నాడు. తుంటి నొప్పి అని అతని భుజం చూస్తే తెలుస్తోంది. హిలరీ వేగం పెంచలేదు. పెంచే ఓపిక లేదు. ఇద్దరికీ తెలిసిన బెంచీ వచ్చింది. అతను ఒక చివర కూచున్నాడు. ఆమె వచ్చి రెండో చివర కూచుని జున్ను సాండ్‌విచ్ విప్పింది. అతను తన డబ్బా తెరవలేదు.

అతనే మొదలుపెట్టాడు.

"నువ్వు అబద్ధం చెప్పాల్సిందని నేనట్లేదు. నేను నోరు తెరవక ముందు నాకొక మాట చెప్పాల్సింది."

"అక్కడికి వెళ్ళేదాకా నాకే తెలీదు."

"మూడు రాత్రుళ్ళు నిద్ర లేదన్నావు. మూడు రాత్రుళ్ళూ తెలీలేదా?"

 హిలరీ సాండ్‌విచ్ సగం తిని మిగతాది కాగితంలో చుట్టింది.

"ఆ వల ఆయన నీ కోసం కొట్టాడు, డెనిస్. నువ్వు పడ్డావని."

"తెలుసు."

"ఎవరూ అడగలేదంటే ఆయన ఏమీ చెయ్యనట్టే అవుతుంది."

"రెజ్‌కి ఇప్పుడు దాంతో ఏం పని? ఆయన పోయాడు. నేనింకా పోలేదు." అతను డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. "నాకు ఎక్కడానికి ఉన్నది అదొక్కటే. నీకు తెలుసు అది. సంతకం పెట్టేటప్పుడు కూడా తెలుసు."

తెలుసు అంది హిలరీ. క్షమించు అని నోటి దాకా వచ్చింది. జీవితంలో ఆ మాట ఆమె అన్నన్ని సార్లు ఇంకెవరూ అని ఉండరు. ఇప్పుడు అంటే అతనికి ఇంకా కోపం వస్తుందని, రావడం న్యాయమేనని అనిపించి మానేసింది. అతను లేచాడు. ఆమె కాస్త ఆగి లేచింది.

గురువారం సాయంత్రం చర్చి హాల్లో బృందం సమావేశం. అక్కడ ఈ సంగతి చెప్పాలి. తామిద్దరూ కాక సంతకాలు పెట్టిన బృందంవాళ్ళు తొమ్మిది మందీ ముందు వరసలో కూచుంటారు. వాళ్ళలో ఆరుగురు 1997 తర్వాత చేరినవాళ్ళు. ఎవరు ఎవర్ని అడిగారో వాళ్ళకి తెలీదు. నిజంగానే "లేదు" అని రాశారు. వాళ్ళ పేర్లు కూడా తను తీయించేసింది. నడకల పట్టీ నుంచి ఈ చుట్టు తీసేసి, నది దాకా వెళ్ళి వెనక్కి రావడం అని రాయాలి. వెళ్ళిన దారినే తిరిగి రావడమంటే బృందంలో ఎవరికీ ఇష్టం ఉండదు. పెద్దగా ఎవరూ తిట్టరు. టీ కప్పులు కడిగేటప్పుడు ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటారు. అది తలచుకుంటూ ఆమె అడవి మొదలు దాకా వచ్చింది.

బీచ్ అడవిలోంచి దిగే దారి చివరి మూడు వందల గజాలూ సుద్ద బయటపడి ఉంటుంది. వాన పడితే తెల్లగా, సబ్బు రాసినట్టు ఉంటుంది. ఆ వారమంతా వాన. ఆమె వచ్చేసరికి డెనిస్ దిగుడు మొదట్లో నిలబడి ఉన్నాడు. కర్రని ముందు ఊని చూశాడు. అది జారింది. పక్కన ఊనాడు. అక్కడా జారింది. ఎడమ కాలు ముందు పెట్టి, దాని మీద బరువు వెయ్యలేక వెనక్కి తీసుకున్నాడు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో ఆమెకి తెలీదు. కింద మట్టిలో అతని కర్ర గుచ్చిన గుంటలు తొమ్మిదో పదో ఉన్నాయి.

హిలరీ అతన్ని దాటి రెండడుగులు దిగింది. ఒక వేరుకి బూటు ఆనించి, అతనికి వీపు పెట్టి నిలబడింది. రమ్మని అనలేదు. అంటే అతను రాడు.

 పైన ఎక్కడో పావురాలు కొమ్మ మారాయి. తర్వాత అతని చెయ్యి ఆమె కుడి భుజం మీద పడింది. మొత్తం బరువుతో పడింది. ఆమె మోకాలు వంగి, మళ్ళీ నిలబడింది.

"నేనైతే చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు వెనక నుంచి.

"తెలుసు."

"రేపు మళ్ళీ అడిగినా చెప్పను."

"తెలుసు, డెనిస్. ఎడమ కాలు ముందు పెట్టు."

పెట్టాడు. ఇద్దరూ ఒక అడుగు దిగారు. ఆమె ఆగింది, అతను ఆగాడు. ఇంకో అడుగు. ప్రతి అడుగుకీ అతని వేళ్ళు ఆమె కోటు మీద బిగిసి వదులుతున్నాయి. అలా ఇరవై అడుగులు దిగాక, గురువారం వస్తావా అని ఆమె అడిగింది. తల తిప్పలేదు.

"వచ్చి ఏం చెయ్యను? నా పేరూ కొట్టేశారు కదా."

"ఏం చెయ్యక్కర్లేదు. ఊరికే కూచో."

 ముందు చూసి దిగమన్నాడు. ఆమె ముందు చూసింది. చెట్ల మధ్య నుంచి కింద రోడ్డు కనిపిస్తోంది, రోడ్డుకి అవతల రైలు పట్టాలు. దిగుడు ఇంకా సగానికి పైనే మిగిలి ఉంది. ఆమె ఇంకో వేరు వెతుక్కుని దాని మీద బూటు ఆనించింది.